దారంతో కుట్టిన పుటలు

మా ఊరి మిషన్ బడి పంతులమ్మ పోయిందని కిందటి వారం ఉత్తరం వచ్చింది. పాస్టరుగారు రాశారు. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట, కళ్లద్దాలు ముఖం మీదే ఉన్నాయట. ఉత్తరంతో పాటు గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి పంపారు. మూట మీద నా పేరు ఆమె చేతిరాతలోనే ఉంది. ముడి విప్పి అట్ట చూడగానే గుర్తుపట్టాను. ఆ పుస్తకం సంగతి చెబితేగానీ ఆమె ఎవరో మీకు తెలియదు.

మాది కడపకు ఆమడ దూరంలో చిన్న పల్లె. పదిహేను ఇళ్లు, అన్నీ చర్చికి పోయే ఇళ్లే. పంతులమ్మ మా పక్కింట్లో ఒక్కతే ఉండేది. కొప్పులో ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఉండేది. గొడుగు చినిగినా, పలక సంచి తెగినా అక్కడే కూర్చుని కుట్టేసేది. కళ్లద్దాల కాడ విరిగితే దానికీ దారమే చుట్టింది. బడిలో ఎవరైనా గొణిగితే ఊరుకునేది కాదు. "గట్టిగా సదువు పాపా, గోడ అవతల ఉండేవాళ్లకు గూడా వినపడల్ల" అనేది.

మా నాయన సంఘ పెద్ద. చదువు రాకపోయినా ప్రార్థన ఎత్తుకుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆయన వేరే మనిషి. అమ్మ చనిపోయాక ఆ వేరే మనిషికి నేనొక్కదాన్నే మిగిలాను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా పెరట్లో జొన్నలు దాచే పాతర ఉండేది, నేలలోకి తవ్విన లోతైన గొయ్యి. గింజలు తీయడానికి దిగేముందు లోపలికి దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు, అందులో గాలి మనిషిని చంపేస్తుంది. కూరలో ఉప్పెక్కువైన రోజున నాయన నన్ను ఖాళీ పాతరలోకి దించి పైన బండ వేసేవాడు. నా కోసం ఎవరూ దీపం దించి చూడలేదు.

పంతులమ్మ ఒకసారి వచ్చి నిలదీసింది. ఆయన నవ్వి, పీట వేసి, మజ్జిగ ఇచ్చి పంపించాడు. ఆ పూట నా వీపు చిట్లిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు. నాకు ఆమె మీద చెడ్డ కోపం వచ్చింది, ఆ మాట దాచుకోను.

ఆ ఎండాకాలం విత్తనం కోసం శనక్కాయలు వొలవడానికి వీధిలో ఆడవాళ్లంతా ఆమె అరుగు మీద చేరేవాళ్లు. ఆమె మద్రాసు నుంచి తెప్పించిన నవల చదివి వినిపించేది. తల్లిలేని పిల్ల, తండ్రి చేతిలో చిక్కుకుంది. మొదటి రోజే కాయలు వొలిచే చేతులు ఆగిపోయాయి.

"ఇట్లాటి కతలు ఏంటికి పంతులమ్మా, ఇంగోటి సదువు" అంది ఒక అవ్వ.

"వినల్ల అవ్వా" అని ఆమె చదువుతూనే పోయింది.

మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కదిలేది కాదు. కాయలు చిట్లే చప్పుడు, ఆమె గొంతు, అంతే. మూడో రోజు నవలలో తండ్రి ఆ పిల్లను పాతరలోకి దించి బండ వేశాడు. ఒక్కరూ నా వైపు చూడలేదు, అందరూ చేతిలో కాయల వైపే చూశారు. మద్రాసులో ఎవరికో మా పెరడు ఎట్లా కనిపించిందా అనుకున్నాను.

మరుసటి రోజు నేను అరుగు మీద లేను. పాతర అడుగున కూర్చుని ఉన్నాను. తల దిమ్మెక్కి నిద్ర కమ్ముకొస్తోంది. ఆ నిద్ర హాయిగా ఉంది. అప్పుడు మట్టిలోంచి వచ్చినట్టు పంతులమ్మ గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ చదవలేదు.

"ఆ పిల్ల నిద్రపోలేదు. అడుగున గాలి చెడ్డదని దానికి తెలుసు. గోడ గుంతల్లో కాళ్లు పెట్టి పైకెక్కింది. బండ సందుకు ముక్కు ఆనించింది."

నేనూ ఎక్కాను. ఆ పిల్ల మెల్లగా ఊపిరి తీస్తే నేనూ మెల్లగా తీశాను. సందులోంచి మా నాయన కాళ్లు కనిపించాయి. రెండిళ్ల మధ్య పిట్టగోడ దగ్గర కదలకుండా నిలబడి వింటున్నాడు.

"ఆ పుస్తకం ఎవరు రాసినారు?" అన్నాడు గోడ మీదుగా.

"తెల్దు అన్నా. పేరుండే కాగితం చినిగిపోయిండాది."

"ఆ నాయన... కడాకు ఏమైతాడు?"

"ఇంగా ఆడికి రాలేదు. రేపు సదువుతా."

ఆయన బండ తీశాడు. ఆ తర్వాత రోజూ గోడ దగ్గరికొచ్చి అదే అడిగేవాడు, ఆమె రోజూ అదే చెప్పేది. పది రోజులకు బండ్లతో మట్టి తోలించి పాతర పూడ్పించాడు. నన్ను కడపలో ఆడపిల్లల హాస్టలుకు తీసుకుపోతానని ఆమె అంటే, ఆమె ముఖం వైపు చూడకుండా తల ఊపాడు. ఈ రోజు నేను నర్సునై నలుగురి ఊపిరి కాపాడుతున్నానంటే అది ఆమె గొంతు పెట్టిన భిక్ష.

నవలలో ఆ పిల్ల ఏమైందని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "బాగుండాది పాపా. పని చేసుకుంటాండాది" అని నవ్వేది.

ఇప్పుడు ఆ పుస్తకం నా ఒళ్లో ఉంది. మొదటి పుటలు చదివాను. అందులో పాతర లేదు. తండ్రి పిల్లను మేడగదిలో పెట్టి తాళం వేస్తాడు. చెడ్డ గాలి, గోడ గుంతలు, బండ సందు, ఏవీ లేవు. ఆ తాళం వేసిన పుట ఒక్కటే ఎండకు కందిపోయి పసుపు తిరిగింది. ఆ ఎండాకాలమంతా పుస్తకం అక్కడే తెరిచి ఉందన్నమాట. ఆ తర్వాతి పుటలన్నిటినీ ఆమె అంచు వెంబడి తెల్లదారంతో కుట్టేసింది.

కింది మూల ఒక కుట్టు వదులుగా ఉంది. ఆ సందులోంచి ఒక్క వాక్యం చదవగలిగాను. తలుపు పగలగొట్టేసరికి పిల్ల ఒళ్లు చల్లబడి ఉంది.

ఆ వాక్యం ఇక ఎవరికీ కనబడకూడదని సూదికి దారం ఎక్కించి, ఆ సందు మూసేద్దామని వంగాను. కానీ కుట్టలేకపోయాను. ఆ పిల్ల ఇంకా లోపలే ఉంది, ఊపిరికి దానికి ఆ సందు ఒక్కటే ఉంది.