పెళ్లికారుకు వెనక చక్రాలు పెద్దవి

మా బావ ఎర్ర కారుకు ముందు చక్రాలు చిన్నవి, వెనక చక్రాలు పెద్దవి. పైకప్పు మడిచి వెనక్కి తోసేస్తే రెండు సీట్లు తప్ప ఇంకేమీ మిగలని విదేశీ బండి. ఏదో పెద్దింట్లో మూలపడి ఉంటే కొని, ఇంజను బాగుచేయించి పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. డెబ్భైల్లో బెజవాడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు అంబాసిడర్లు కావలసినన్ని దొరికేవి. వెనక ఎత్తుగా ఉండి, ఉరకబోతున్నట్టు కనిపించే బండి మాత్రం నాకు తెలిసి అదొక్కటే.

నాకు వన్ టౌన్‌లో టైర్ల షాపు ఉండేది. అంబాసిడర్ వస్తే పని తేలిక. స్టెప్నీతో సహా చక్రాలన్నీ ఒకే సైజు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి వేస్తూ ఉంటే అన్నీ సమానంగా అరుగుతాయి. బావ బండికి అది కుదరదు. ముందువి ముందే ఉండాలి, వెనకవి వెనకే ఉండాలి. మార్చాలంటే ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చుకోవాలి, అంతే. స్టెప్నీ కూడా చిన్న సైజే కాబట్టి ముందుకు తప్ప పనికిరాదు. అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను. అప్పట్లో టైరు మీద అంకెలు చదవడం రాక పురికొస చుట్టి కొలిచేవాణ్ణి. కొలత తప్పేది కాదు.

కారు కొనకముందు బావ ఎడ్లతో వ్యవసాయం చేసినవాడు. మా తగాదా అక్కడే.

"దాపటి ఎద్దును వలపట కడతారంట్రా ఎక్కడన్నా? ఎడమ పక్క అలవాటైంది ఎడమ పక్కే నడవాలి. ముందూ వెనకా అంటావా, నీ ఇష్టం, మార్చుకో."

"అది ఎద్దు కాదు బావా, రబ్బరు."

"రబ్బరుకి మాత్రం అలవాటుండదా? నీ ఎడం చెప్పు కుడికాలికి తొడుక్కుని రా, చూద్దాం."

నేను వాదించకుండా పురికొస తీశాను. వెనక చక్రానికి సరిపోయిన తాడు ముందు చక్రానికి చుడితే జానెడు మిగిలింది. ఆయన తాడు వంక చూడలేదు, కారు వంక చూసుకున్నాడు.

ఆ ఏడే మా చెల్లెలికి చల్లపల్లి సంబంధం కుదిరింది. అక్కడి చర్చి నుంచి అత్తగారింటికి బావ బండి మీదే వెళతానని ముందే చెప్పేసింది. మేమంతా చర్చి లోపల ఉండగా బావ కంటికి ముందు ఎడమ టైరు అంచు అరిగి కనిపించింది. ఊరేగింపు బండికి అది మామూలే. జనం మధ్య నిలబడిన బండికి అక్కడికక్కడే స్టీరింగు తిప్పుతుంటే ముందు టైర్లే అరిగిపోతాయి. పెళ్లికూతురు ఎక్కే బండికి అరిగిన టైరు ముందుండటమేమిటని, వెనక ఎడమదాన్ని ముందుకి, ముందుదాన్ని వెనక్కి వేసేశాడు. ఎడమవి ఎడమ పక్కే ఉన్నాయి కాబట్టి ఆయన లెక్కలో తప్పు లేదు.

పెళ్లయ్యాక జంట మడిచిన పైకప్పు మీద కూర్చుంది. ముందు బ్యాండు, వెనక బంధువులు. బావ నడుపుతుంటే నేను పక్కన నడుస్తున్నాను. చక్రాల మీదికి పూలదండలు వేలాడుతుండటంతో మొదట ఏమీ తెలియలేదు. రోడ్డు కొంచెం వంపు తిరిగేసరికి ముందు మడ్‌గార్డుకు టైరు రాసుకుని, కమురు వాసన వచ్చింది. దండ ఎత్తి చూస్తే పెద్ద చక్రం. ఎదురుగా కాలవ గట్టు. గట్టు మీంచి పిట్టగోడ లేని వంతెన మీదకి స్టీరింగు పూర్తిగా తిప్పి మళ్లాలి. ఆ చక్రం అంత తిరగదు. చెల్లెలు కూర్చున్న చోట పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి బండి ఆపించాను.

"ఇద్దరూ దిగండి. చక్రం మార్చాలి."

పెళ్లికొడుకు మేనమామ ముందుకొచ్చాడు. "కొత్త కోడలు గుమ్మం ముందే దిగాలండీ. మధ్యలో దించితే ఊళ్లో ఏమనుకుంటారు?"

"కాలవలో దించితే ఏమనుకుంటారండీ?"

ఆయన మొహం మాడిపోయింది. బావ మాత్రం స్టీరింగు వదల్లేదు. "నిదానంగా పోనిస్తాలేరా, ఏం కాదు."

చెల్లెలు బావను చూడలేదు, నన్నే చూసింది. "అన్నయ్యా, నిజంగా తిరగదా?"

"తిరగదు."

పూలగుత్తి పెళ్లికొడుకు చేతిలో పెట్టి దిగింది. "బ్యాండు ఆపొద్దను. నడిచే వంతెన దాటేస్తాను" అంది. మేనమామ గొణుగుతూనే ఆమె వెనక నడిచాడు.

నేనూ బావా జాకీ పెట్టాం. ముందు పెద్ద చక్రం తీసి స్టెప్నీ వేశాం. వెనక చిన్నది తీసి పెద్దదాన్ని దాని చోట్లో బిగించాం. ఈసారి రాపిడి లేకుండా వంతెన ఎక్కి, అత్తగారి వీధి మొదట్లో ఊరేగింపును అందుకున్నాం. మేనమామ పట్టుబట్టి జంటను మళ్లీ బండెక్కించాడు. నాలుగిళ్లు దాటగానే గుమ్మం ముందు చెల్లెలు దిగింది. ఆచారం నిలబడింది. అత్తగారు హారతి పళ్లెంతో నవ్వు ఆపుకోలేక అవస్థపడింది.

తిరిగొచ్చాక బావకు తేల్చి చెప్పాను. "నాలుగూ ఒకే సైజు వేయించు, అంబాసిడర్‌కి మార్చినట్టు మార్చి పెడతాను. వెనక పెద్దవే కావాలంటే ఎడమవీ కుడివీ మారుస్తాను. నీ ఇష్టం."

వెనక ఎత్తు లేకపోతే అది తన బండే కాదన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత బండి ఎప్పుడు షాపుకు తెచ్చినా, నేను ఎడమ చక్రాన్ని కుడి పక్కకి దొర్లించే వేళకి బావ టీ తాగొస్తానని రోడ్డు దాటేవాడు. చక్రాలు బిగించడం పూర్తయ్యాకే వచ్చేవాడు.