క్రిస్టీనా గారి తూకం

మా కాలేజీలో క్రిస్టీనా గారు కెమిస్ట్రీ చెబుతారు. నేను తెలుగు చెబుతాను కాబట్టి ఆవిడ దృష్టిలో నాకు తూకం తెలియదు. ఒకసారి నేను "బరువెక్కిన గుండె" అని పాఠం చెబుతుంటే వరండాలోంచి విని, "ఎన్ని గ్రాములు పెరిగిందండీ?" అని అడిగారు. మామిడికుదురులో పాలు పోసే వీరాయమ్మ అందరికన్నా ముందు ఆవిడకే పోసి, ఆ తర్వాతే కుళాయి దగ్గర ఆగుతుంది.

పిల్లలకి ఆవిడ చెప్పేది ఒకటే మాట. "ఖాళీ సీసా తూచండి, ద్రవం పోసి మళ్ళీ తూచండి, లెక్క కట్టండి. వచ్చిందే రాయండి. రావలసింది రాయకండి."

పిల్లలు వింటేగా. ప్రాక్టికల్ పరీక్షలో పేరు చెప్పకుండా ఇచ్చే ద్రవం ఏటా పంచదార నీళ్ళే. దాని సాంద్రత 1.08 అని సీనియర్లు జూనియర్లకి ఆస్తిలా అప్పజెప్పి పోతారు.

మొన్న మార్చి పరీక్షకి కొత్తపేట నుంచి ప్రవీణ్ కుమార్ గారు ఎగ్జామినర్‌గా వచ్చారు. వచ్చిన మనిషికి కొబ్బరి బొండం ఇవ్వకుండా మాట మొదలుపెట్టడం మా వైపు లేదు. అటెండరు సత్తిబాబు బొండాలు కొట్టి, పీచు పడకుండా వడగట్టి, ల్యాబులో గాజు సామానుకి కొదవేముందని ఒక ఫ్లాస్కులో పోసి ఉంచాడు. ఆయనకి గ్లాసుతో ఇచ్చాడు.

కాపలాకి నన్ను కూర్చోబెట్టారు. అందరూ 1.08 రాశారు. సాయిదుర్గ ఒక్కతే 1.02 రాసింది. ఆ అంకెకి సరిపడే ద్రవం గోడ మీది పట్టికలో లేదు. పేరు దగ్గర "తెలియదు" అని రాసింది.

"అందరికీ ఒకలా వస్తే నీకొక్కదానికే వేరేగా ఎలా వచ్చిందమ్మా?" అన్నారు ఎగ్జామినర్ గారు, ఎర్ర పెన్ను తీస్తూ.

"మళ్ళీ తూచినా అదే వచ్చిందండీ."

ఈ ప్రాక్టికల్ పోతే ఆ పిల్లకి ఏడాది పోయినట్టే. చెప్పిన మాట విన్న ఒక్క పిల్లా మునిగిపోతుంటే, క్రిస్టీనా గారి మొహం చూసి నాకు నిజంగానే గుండె బరువెక్కింది.

"నేను తూస్తానండీ," అని ఆవిడ లేచారు. తూచి, లెక్క కట్టారు. 1.02. అప్పుడు సీసా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ల్యాబులో ముక్కుకి పనిలేదని ఇన్నేళ్ళుగా చెబుతున్న మనిషి.

"సత్తిబాబూ, ఇవి బొండం నీళ్ళు కదయ్యా?"

సత్తిబాబు నాలుక కరుచుకున్నాడు. "రెండు ఫ్లాస్కులూ పక్కపక్కనే పెట్టేనండీ."

అందరం ఎగ్జామినర్ గారి వైపు చూశాం. బొండం నీళ్ళు పిల్లలకి వెళ్తే పంచదార నీళ్ళు ఎటు వెళ్ళాయో తెలియడానికి కెమిస్ట్రీ అక్కర్లేదు.

"తియ్యగా లేవాండీ?" అని నేనే అడిగాను.

"ఆయ్, పాకంలా ఉన్నాయండీ. బొండంలో పంచదార కలిపేరా అని అడిగితే మీరు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను." కాస్త ఆగి, "రెండో గ్లాసు కూడా అడిగి పోయించుకున్నానండి," అన్నారు.

క్రిస్టీనా గారు నవ్వలేదు. సాయిదుర్గ పేపరు ఆయన ముందుకి జరిపారు. "మీరు మొహమాటపడ్డారు. వీళ్ళు బట్టీ పట్టేరు. ఈ పిల్ల తూచిందండీ."

ఆయన సాయిదుర్గకి పూర్తి మార్కులు వేసి, తక్కినవాళ్ళందరినీ మళ్ళీ తూచమన్నారు. సత్తిబాబు ఈసారి బొండం కొట్టి కాయతోనే పట్టుకొచ్చాడు. ఆయన అందుకుని, నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, క్రిస్టీనా గారి వైపు చాచారు.

"ఒకసారి తూచి ఇస్తారాండీ?"