యానాం మాస్టారు మార్చిన ముగింపు

పుంగ్గోల్ వెళ్ళే రైల్లో మొన్న నా పక్కన ఇద్దరు ఫ్రెంచిలో మాట్లాడుకుంటున్నారు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా వాళ్ళు మాట ఆపగానే, దాని వెనకే గోదావరి యాసలో తెలుగు వినబడుతుందని నా చెవి ఎదురుచూసింది. యానాం మాస్టారు పోయి ఇన్నేళ్ళయినా ఈ అలవాటు పోలేదు.

మేం వలస వచ్చిన ఈ దేశంలో, టోవా పాయో అనే పేటలో ఆయనది మా పక్క ఫ్లాటు. యానాం బడిలో నేర్చుకున్న ఫ్రెంచినే ఇక్కడి పిల్లలకు చెప్పి బతికారు. ఆదివారాలు ఓడల యార్డుల్లో పనిచేసే మనవాళ్ళను ఇంటికి పిలిచి, పాత ఫ్రెంచి సినిమా పెట్టి, టీవీ పక్కన నిలబడి ప్రతి మాటా తెలుగులో చెప్పేవారు. తెర మీద మంత్రి పళ్ళు కొరుకుతుంటే, "తమరు అలా సెలవిస్తే ఎలాగండీ?" అనేవారు. ఎంతటి దుర్మార్గుడైనా ఆయన నోట మర్యాదస్తుడే! కథ విషాదంగా ముగిస్తే మాత్రం ముగింపు మార్చేసేవారు. "రేపు మళ్ళీ పనిలోకెళ్ళే మనుషులమ్మా, ఏడిపించి పంపుతామా?" అని వంటింట్లో నాతో గుసగుసలాడేవారు. నాకది ముచ్చటగానే ఉండేది.

ఒకసారి రాజకీయ సినిమా వేశారు, నలుపు తెలుపుది. రేవు పట్నంలో ఒక కూలీ పడి చనిపోతాడు. తప్పు చచ్చినవాడిదేనని చెప్పమని పెద్దలు తోటి కూలీ మెడలు వంచాలని చూస్తారు. అతను ఒప్పుకోడు. చివర్లో అతను పెట్టె పట్టుకుని ఊరు విడిచిపోతుంటే మాస్టారు, "ఉద్యోగం తిరిగిచ్చేశారండి, పెళ్ళాన్ని తెచ్చుకోడానికి వెళ్తున్నాడు, ఆయ్!" అనేశారు.

ముందు వరసలోంచి నర్సింలు లేచాడు. కరీంనగర్ వైపు మనిషి, పెద్దగా మాట్లాడేవాడు కాదు.

"గట్లయితే ఆయన మొకం గట్లెందుకున్నది సార్? నిజం జెప్పుండ్రి. నాకు గావాలె."

అప్పుడు బయటపడింది. అతని జతగాడు యార్డులో పరంజా మీంచి పడి చనిపోయాడు. సేఫ్టీ బెల్టు వాడే పెట్టుకోలేదని విచారణలో చెప్పమని సూపర్‌వైజరు నర్సింలు మీద ఒత్తిడి తెచ్చాడు. అసలు బెల్టే ఇవ్వలేదు. విచారణ మర్నాడే.

మాస్టారి ముఖం వాడిపోయింది. "అబద్ధం చెప్పాను బాబూ. అతని పని పోయింది. సాగనంపడానికి కూడా ఎవరూ రాలేదు" అని, ఆ చివరి ఘట్టం మళ్ళీ పెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు.

మర్నాడు దుబాసీగా ఆయనే వెంట వెళ్ళారు. నర్సింలు నిజమే చెప్పాడు. నెల తిరక్కుండా అతని పని పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేశారు. విమానాశ్రయంలో మాస్టారు అతని చెయ్యి వదల్లేదు.

"నా మీద కోపమా బాబూ?"

"ఎందుకు సార్? ఆని అవ్వకు కొడుకు తప్పు లేదని తెలిసింది. గది జాలు."

ఇంటికొచ్చాక మాస్టారు పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆ తర్వాత ఏ ముగింపూ మార్చలేదు. కాకపోతే సినిమా అయ్యాక ఎవర్నీ వెంటనే పంపేవారు కాదు. అన్నం పెట్టి, పక్కన కూర్చునేవారు.

నేనిప్పుడు సెలవు రోజుల్లో ఆసుపత్రిలో మనవాళ్ళకు దుబాసీని. మొన్న రైలు దిగి వెళ్ళింది అక్కడికే. డాక్టరు మాట ముగించగానే మంచం మీది కుర్రాడు నా ముఖంలోకి చూశాడు.

"అక్కా, కాలు బాగయితదన్నడా?"

అవునని చెప్పెయ్యాలని ప్రాణం కొట్టుకుంది.

"లేదు తమ్ముడూ, తీసెయ్యాలంటున్నారు" అన్నాను. డాక్టరు వెళ్ళిపోయాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.