షావుకారింట్లో నిలవని బిళ్ళ బ్యాటరీలు

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, దసరా వెళ్లిన వారంలో నాకు నరసన్నపేట డ్యూటీ పడింది. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఇళ్లకు సెన్సర్లు బిగించే ఒక కంపెనీలో సర్వీస్ అసిస్టెంటుని. మా దగ్గర వరస ఇలా ఉండేది. అందరికన్నా కింద హెల్పరు, నిచ్చెన మోస్తాడు. ఆ పైన అసిస్టెంటు, బ్యాటరీలు మారుస్తుంది. ఆ పైన టెక్నీషియను, మీటరు పట్టుకుంటాడు. అందరికీ పైన ఓనరు, ఫోన్లో కేకలేస్తాడు.

నాకు సంతకం, అంకెలు తప్ప చదువు రాదు. ఇదంతా నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. చదువు లేనిదానికి ఆ ఉద్యోగం ఎలా వచ్చిందంటారా, మా ఆయనది వాచీల రిపేరు బడ్డీ. ఆయన పక్కన కూర్చుని గడియారాలకు బిళ్ళ బ్యాటరీలు వేసేదాన్ని. ఆయన పోయాక బడ్డీ పోయింది, చేతిలో పని మిగిలింది. సెన్సర్లలో వేసేదీ అలాంటి బిళ్ళే, కొంచెం పెద్దది. పైగా ఆడమనిషినైతే పడకగది దాకా రానిస్తారని కంపెనీ లెక్క.

ఆ ఇల్లు కిరాణా హోల్‌సేలు చేసే షావుకారు సూర్యనారాయణ గారిది. దసరాకు ముందు మేమే సెన్సర్లు బిగించాం. తలుపుకు పెట్టేది రెండు ముక్కలు, ఒకటి అయస్కాంతం, ఇంకోటి చిన్న పెట్టె. తలుపు తీస్తే రెండూ ఎడమవుతాయి, పెట్టె వెంటనే షావుకారు ఫోనుకు కబురు పంపుతుంది. గదిలో మనిషి కదిలితే చెప్పేది మరో రకం. వీధి తలుపుకు, పూజగదికి, బీరువా గదికి, లెట్రిన్‌లో లైటు దానంతటదే వెలగడానికి, అన్నిటికీ పెట్టాం. ఒక్కోదాంట్లో ఒక్కో బిళ్ళ. వేస్తే ఏడాది చూసుకోనక్కర్లేదు. ఈ ఇంట్లో మాత్రం వారం తిరిగేసరికి చచ్చిపోతున్నాయి. చచ్చే ముందు, సెన్సర్ల కబుర్లన్నీ అందుకునే హాల్లోని పెద్ద పెట్టె ఒక ఆడగొంతుతో ఇంగ్లీషులో బ్యాటరీ అయిపోతోందని అరుస్తుంది. భోజనమనీ పూజనీ చూడదు. షావుకారు గారి భార్య కనకమ్మగారు ఆ గొంతును దొరసాని అని పిలిచేవారు.

బిళ్ళ వేయడానికి మాకొక పద్ధతి ఉంది. ముందు ఫోన్లో అలారం ఆపాలి. మూత విప్పాలి. బిళ్ళను వేళ్లతో ముట్టకూడదు, చెమట అంటుతుంది. ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకుని వేయాలి. ఈ పద్ధతి నేను ఒక్క ఇంట్లోనూ తప్పలేదు. కానీ బిగించిన రోజున నేను ప్యాకెట్టు చింపగానే కనకమ్మగారు చెయ్యి చాచారు.

“కొత్త వస్తువు. బొట్టెట్టకుండానే గోడకెక్కించేస్తావేటి, పైడమ్మా?”

పెట్టె మీద పెట్టండమ్మగోరూ అన్నాను. పెట్టెకు పెడితే ఏం లాభం, ప్రాణం బిళ్ళలో కదా ఉన్నదని ఆవిడ బిళ్ళలు పూజగదిలోకి తీసుకెళ్లారు. అంచు చుట్టూ తడి పసుపు, నడుమ కుంకుమ పెట్టి పళ్లెంలో తెచ్చారు. లోపలి రేకు తాకే చోట మాత్రం గుడ్డతో తుడిచాను. అంతకన్నా తుడవబోతే ఆవిడ ఊరుకోలేదు.

ఇప్పుడు వింటున్న మీకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. ఆ ఇంట్లో గడపకు పసుపు, ఫ్రిజ్‌కు బొట్టు, ఇన్వర్టరుకు బొట్టు. మా టెక్నీషియను రమణమూర్తి మోటారు సైకిలుకు బొట్టు, అతని మీటరు పెట్టెకు కూడా బొట్టు. అన్నిటికీ ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?

ఫిర్యాదు రాగానే రమణమూర్తి, నేను వెళ్లాం. అతను డిప్లొమా చదివినవాడు, పని ఒక వరసలో చేస్తాడు. సెన్సరుకు హాల్లో పెట్టె దూరమైతే కబురు అందేదాకా మళ్లీ మళ్లీ పంపుతుంది, దాంతో బ్యాటరీ కరుగుతుంది. అందుకని పెట్టెను దగ్గరికి జరిపాడు. నిమిషానికోసారి కబురు పంపేలా ఉంటే తగ్గించాలి, తగ్గించాడు. ఫ్యానుకు ఊగే కర్టెన్లు పైకి కట్టించాడు. నేను కొత్త బిళ్ళలు వేశాను, కనకమ్మగారు ముందులాగే బొట్టు పెట్టారు. అవీ చచ్చాయి.

రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ రమణమూర్తిని పక్కకు పిలిచారు. నేను వినాలనో వినకూడదనో తెలియదు గానీ, గొంతు మాత్రం తగ్గించలేదు.

“మొగుడు పోయిందాని సేత్తో ఏయిస్తే ఏదైనా నిలుస్తాదేటి బాబూ?”

రమణమూర్తి తల వంచుకున్నాడు. నేను మూత బిగిస్తూనే ఉన్నాను. ఆ పూట ఆవిడ నా చేతికి విరుగుడుగా పసుపు ఇంకాస్త దట్టంగా పూశారని తర్వాత తెలిసింది. అవి ఇంకా ముందే చచ్చాయి.

కంపెనీలో ఒక రూలు ఉండేది. ఒకే ఇంటి నుంచి అసిస్టెంటు మీద ఫిర్యాదులు వస్తూనే ఉంటే ఇళ్లకు పంపరు, గోడౌన్‌లో అట్టపెట్టెలు మడత పెట్టిస్తారు. జీతం తగ్గడం ఒక సంగతి. మా ఆయన నేర్పిన పని నా చేతికి రాదని కంపెనీ తేల్చినట్టవుతుంది. ఆ మాట ఒకసారి పుట్టిందంటే ఆ చుట్టుపక్కల ఏ గుమ్మమూ నన్ను ఎక్కనివ్వదు. ఓనరు షావుకారుతో వాదించలేదు. ఈసారి బ్యాటరీలు వాళ్లింటి మనిషే వేస్తుంది, పైడమ్మ బయటి నుంచి చెబుతుంది అని తీర్మానం చేశాడు.

పురోహితుడు ముహూర్తం పెట్టాడు. షావుకారు గారి కోడలు శిరీష పట్టుచీర కట్టుకుని పట్టకారు పుచ్చుకుంది. నేను వీధి అరుగు మీద, ఆమె కిటికీ అవతల. మధ్యలో నాలుగు ఊచలే. అయినా నేను వీడియో కాల్‌లోనే చెప్పాలి. ముందు అలారం ఆపమ్మా అని నేను అన్న మాట ఆమె ఫోన్లోకి చేరేసరికి ఆమె మూత విప్పేసింది. సైరను మోగింది. దొంగలు పడ్డారనుకుని వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఆ కంగారులో బిళ్ళ జారి ఉయ్యాలబల్ల కిందికి దొర్లింది. దాన్ని తీసి కడిగి మళ్లీ పసుపు రాశారు. వచ్చినవాళ్లు వచ్చారు కదా అని కనకమ్మగారు తాంబూలాలు ఇచ్చారు. ఎందుకు ఇచ్చారో పుచ్చుకున్నవాళ్లకి తెలియదు. ఒకావిడ మాత్రం పాప పుట్టిందా, బాబా అని అడిగి వెళ్లింది.

శిరీష వేసిన బిళ్ళలు అన్నిటికన్నా తొందరగా పోయాయి. నా మీద మాట తొలగిపోతుందనుకున్నాను. తొలగలేదు. పైడమ్మ గొంతు ఫోన్లోంచి వాటి మీద పడిందని ఇంట్లో అనుకున్నారట. నా గొంతు గరుకే, ఒప్పుకుంటాను. దానితో బ్యాటరీలు చస్తాయని మాత్రం అప్పుడే విన్నాను.

ఓనరు చివరిసారి పంపుతున్నానన్నాడు. ఈసారి తేలకపోతే సోమవారం నుంచి గోడౌన్. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. రమణమూర్తి షావుకారు గారి ఫోను తీసుకుని ఏ సెన్సర్లో ఎంత ఉందో పైకి చదివాడు. వీధి తలుపు సున్నా. పూజగది సున్నా. బీరువా గది సున్నా. తర్వాత ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, లెట్రిన్ నిండుగా ఉందండీ అన్నాడు.

షావుకారు కళ్లద్దాలు పెట్టుకుని తనూ చూశారు.

“దీన్ల బ్యాటరీ ఏసిందెవులు?”

“నానే బాబూ. పండగ ముందు ఏసినాను. మరెవులూ ముట్టనేదు.”

“మరి నీ సెయ్యి దీన్నేటీ సెయ్యలేదేటి?”

ఆయన భార్య వైపు తిరిగారు. కనకమ్మగారికి చిరాకొచ్చింది.

“నన్ను సూస్తారేటండీ? లెట్రిన్ల ఎట్టేదానికి బొట్టెవులెడతారు?”

హాల్లోంచి దొరసాని మళ్లీ అరిచింది. రమణమూర్తి నన్ను చూశాడు, నేను విప్పి పళ్లెంలో వేసి ఉన్న చచ్చిన పసుపు బిళ్ళల్ని చూశాను.

అసలు సంగతి ఇది. బిళ్ళకు పైముఖం ఒక కొస, కిందిముఖం ఇంకో కొస. అంచున వెంట్రుకంత నల్ల పట్టీ రెంటినీ కలవకుండా ఉంచుతుంది. తడి పసుపు ఆ పట్టీ మీదుగా రెండు ముఖాలనూ కలిపేసింది. మూత బిగించాక లోపల అది ఆరదు, మా వైపు గాలిలో తేమ సరేసరి. సెన్సర్ నిద్రపోతున్నా కరెంటు పసుపులోంచి కారుతూనే ఉంది. బిళ్ళ చచ్చినకొద్దీ ఆవిడ ఎక్కువ రాశారు, ఎక్కువ రాసినకొద్దీ తొందరగా చచ్చింది. చెమట అంటకూడదని పట్టకారు పట్టిన నేను పసుపు సంగతి ఆలోచించలేదు. మీటరు పట్టిన రమణమూర్తీ ఆలోచించలేదు.

రమణమూర్తి ఇది షావుకారుకు మెల్లగా వివరించాడు. కనకమ్మగారు పూర్తిగా విన్నారు.

“బొట్టు వల్ల సెడిపోనాదని నా నోటితో నాననను” అన్నారు.

అనక్కర్లేదమ్మా, రిపోర్టులో తేమ అని రాస్తాను అన్నాడు రమణమూర్తి. తేమకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ బొట్టు లేని బిళ్ళ గోడకెక్కడానికి ఆవిడ మనసు ఒప్పలేదు. పెట్టె మీద పెట్టమన్నాం, పై తొడుగుకు పెడితే లోపలి ప్రాణానికి చేరదన్నారు. ప్యాకెట్టు మీద పెట్టమన్నాం, చింపి పారేసేదానికి పెట్టనన్నారు. చివరికి ఆవిడే దారి చూపించారు. నా చేతిలోని పట్టకారు తీసుకుని, బిళ్ళను పట్టే కొసలు వదిలేసి, నేను పట్టుకునే పిడి దగ్గర పసుపు రాసి కుంకుమ పెట్టారు.

“ఇంద. ఇప్పుడెయ్యి” అన్నారు.

వేశాను. అన్నీ నేనే వేశాను. ఆ బిళ్ళలు మళ్లీ దసరా దాకా నిలిచాయి. షావుకారు ఓనరుకు ఫోను చేసి, ఇకముందు పైడమ్మనే పంపమన్నారట. చేతి సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కళ్లు మసకబారి పని మానేసేదాకా నేను గోడౌన్ మొహం చూడలేదు. ఆ పట్టకారు పిడి మీద మరక ఇప్పటికీ పోలేదు.

ఆ పనితో నేను నేర్చుకున్నదొకటి ఉంది. చచ్చినవాటి చుట్టూ అంతమంది అన్నాళ్లు తిరిగాం, బతికి ఉన్నదాని దగ్గరికి ఒక్కరమూ వెళ్లలేదు. ఆ తర్వాత ఏ ఇంట్లో ఫిర్యాదు వచ్చినా, ముందు ఏది బాగా పనిచేస్తోందో అడిగి దాని మూత విప్పి చూసేదాన్ని. చాలా ఇళ్లల్లో అది లెట్రిన్‌లోదే అయ్యేది.