నిలబడి చీర కట్టుకునేంత బండి

మా ఆవిడ మొండిదని నేను అనను. ఈ రాత ఆవిడ చేతికి చిక్కితే నా గతేం కాను? ఒకసారి అన్న మాట మళ్లీ మార్చుకోదు అంటాను, గౌరవంగా. దేవరగట్టు జాతరలో వాన పడిన మరుసటి పొద్దున ఆవిడ అన్న మాట అలాంటిదే.

జాతర్లలో, సంతల్లో దుప్పట్లు, తువ్వాళ్లు అమ్ముకునే బతుకు మాది. సరుకు ఎమ్మిగనూరు మగ్గాలది. పడక మాత్రం ఎక్కడ అంగడి పెడితే అక్కడ, వెనకాల కట్టుకున్న టార్పాలిన్ కింద. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి. ఆ వానకు టార్పాలిన్ నీళ్లతో సహా మా మీద కూలింది. తెల్లారి, తడిసిన దుప్పట్లు పిండుతూ ఆవిడ అంది:

"ఇంగ నాతో కాదప్పా. చాటు లేని తావులో చీర కట్టుకునే ఓపిక లేదు నాకు. తలుపుండే బండి తెస్తే వస్తా. లేకుంటే నువ్వొక్కడివే పో."

నేనొక్కడినే పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నేను జనాన్ని నవ్విస్తాను. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోతారు. దుప్పటి విప్పి, వాళ్ల భుజాన వేసి, డబ్బు తీయించేది ఆవిడే.

అలా మొదలైంది బండి వేట. లోపలే పడక, పొయ్యి ఉండేవాటిని క్యాంపర్ వ్యాన్లు అంటారట. ఆరో తరగతిలోనే బడికి నా పీడ వదిలింది కాబట్టి ఆ పేరు నాకు యాభై దాటాక తెలిసింది. తిరిగి తిరిగి చివరికి రెండు తేలాయి. ఎమ్మిగనూరులో రెండేళ్ల బండి ఒకటి, ఆదోనిలో ముసలిది ఒకటి.

నా మనసు కొత్తదాని మీదే ఉంది. బండి కింద దూరి, మసి పూసుకుని, దారిన పోయేవాళ్లను తోయమని బతిమాలే వయసు కాదు నాది. ఎమ్మిగనూరాయన దాన్ని దేశం చూడాలని చేయించుకుని, రెండు ఊళ్లు చూసి తృప్తి పడ్డాడు. మీట నొక్కితే దీపం, లాగితే పడక. మెట్టు కూడా కిందికే ఉంది. మోకాళ్ల నొప్పుల మనిషి, మా ఆవిడ చేయి ఆనకుండానే ఎక్కేసింది. నేను లోపల్లోపల పండగ చేసుకుంటున్నాను.

ఆవిడ సంచిలోంచి చీర తీసింది. "అందురూ దిగండి" అని తలుపు వేసుకుంది.

బండి ఊగింది. దబ్బుమని చప్పుడైంది.

"ఏం పడిందిమే?"

"నా తల!"

దిగేసరికి కుచ్చిళ్లు ఒక పక్కకు పోయాయి, పైట ఇంకో పక్కకు.

"కూసోని సర్దుకోవచ్చు గదక్కా" అన్నాడు బండాయన.

"నీ పెండ్లాన్ని కూసోని కట్టుకోమని సెప్పి సూడు నాయనా. ఆయమ్మ ఏమంటాదో నాకూ సెప్పు."

"నాకింగా పెండ్లి కాలేదక్కా."

"ముందు బండి అమ్ము. ఆ తర్వాత సేసుకో."

మర్నాడు ఆదోని. ముసలి బండి అమ్మే షెడ్డు సాయిబు దాచిపెట్టే రకం కాదు. "అడుగున తుప్పుంది. పొద్దున్నే మొరాయిస్తాది. వానొస్తే ఈ మూల కారతాది" అని వరసగా చెప్పాడు.

"మంచి మాట ఒక్కటన్నా సెప్పు సాయిబూ."

"యాత్రలకు కట్టించిన బండి, భాయ్. కప్పు ఎత్తు. సెడితే పానా, సుత్తె సాలు. ఆ కొత్తవి సెడితే, ఏం సెడిందో కనుక్కోడానికే కర్నూలు పోవాల."

మెట్టు మాత్రం మోకాలెత్తు. మా ఆవిడ కాలు ఎత్తింది, దించింది. తలుపు పట్టుకుని మళ్లీ ఎత్తింది, కాలేదు. సాయిబు ఒక చెక్కపెట్టె తెచ్చి బోర్లించాడు. దాని మీద అడుగేసి ఎక్కి, తలుపు వేసుకుంది.

తల తగిలిన చప్పుడు వస్తుందేమోనని నేను సిగ్గు లేకుండా చెవులు రిక్కించాను. రాలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కుచ్చిళ్లు మడత విప్పని దుప్పటిలా ఉన్నాయి. కొప్పు కూడా ముడిచింది.

"రెండు సేతులూ పైకెత్తినానప్పా లోపల" అంది. ఏదో కొండెక్కినట్టే చెప్పింది.

"ఇది ఆగితే తోసేది నేనుమే. నీ మోకాళ్లకు ఈ మెట్టు..."

"మెట్టు ఎత్తయితే కింద పీట ఏసుకుంటా. కప్పు తక్కువైతే నా తల కోసుకోవాల్నా?"

దానికి జవాబు నా నడుము దగ్గర ఉంది గానీ దాన్నెవరు అడుగుతారు?

ముసలిదే కొన్నాం. పెట్టెను సాయిబు ఊరికే ఇచ్చాడు. ఏ ఊళ్లో ఆగినా ముందు నేను దిగాలి, పెట్టె వేయాలి. ఒకసారి దాన్ని గూడూరు సంతలో మరిచి సి.బెళగల్ దాకా వచ్చేశాను. ఆవిడ గుమ్మంలో కాళ్లు వేలాడేసి కూర్చుంది, నేను దుప్పట్ల మూటలు పేర్చి మెట్లు కట్టాను. వాటిలో పైది అమ్ముడుపోలేదు.

ఈ పొద్దున కూడా బండి మొరాయించింది. కింద దూరి, బయటపడి, మసి చేతులతో తలుపు తట్టాను.

"అయిందా?"

"నిలబడి కట్టుకుంటాండా. నిదానంగా కట్టుకోనీ."

కాళ్లు లాగుతుంటే తలుపు ముందున్న పెట్టె మీద కూలబడ్డాను. కాస్త కన్ను మూతపడిందో లేదో, నా వెనక తలుపు తెరుచుకుంది.

"లెయ్యప్పా, దిగాల."