పినాంగ్‌లో సోమవారం బోణీ

2007 జూన్‌లో నన్ను మలేషియాలోని పినాంగ్ దీవికి పంపారు. అప్పుడు నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి పర్చేజ్ మేనేజర్‌ని. టానిక్ సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీ. పర్చేజ్ విభాగమంటే కొనే విభాగమని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి మా నైపుణ్యమంతా కొనకుండా ఉండటంలోనే ఉంటుంది. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోవాలి, ముగ్గురినీ విసిగించాలి, ఎవడు ముందు అలసిపోతే వాడి దగ్గర కొనాలి. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. ఉప్పల్‌లో మా నాన్న కిరాణా దుకాణంలో గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మామయ్యది స్టీలు సామాను కొట్టు, చిన్నాన్నది బట్టల కొట్టు. మా ఇంటి పిల్లలకు ‘అమ్మ’ కంటే ముందు ‘ఆఖరుకెంత’ అనే మాట వస్తుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నాకప్పగించిన పని ఒక వాడిన ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రం కొనుక్కురావడం. ప్లాస్టిక్ గుళికలను, మా భాషలో దానాను, కరిగించి డై లోపలికి, అంటే అచ్చులోకి, బలంగా తోసే యంత్రమిది. కొత్తది మా స్థోమతకు మించినది. పినాంగ్‌లో పెద్ద ఫ్యాక్టరీలు తీసేసిన జపాన్ యంత్రాలు మంచి స్థితిలో దొరుకుతాయని తెలిసింది. అయితే అంతకు ముందు ఏడాది ఒక ఏజెంటు మాట నమ్మి, నడవగా చూడకుండానే ఒక యంత్రం తెప్పించుకున్నాం. దాని లోపలి స్క్రూ పూర్తిగా అరిగిపోయి ఉంది. షెడ్డు మూలన టార్పాలిన్ కప్పుకుని కూర్చున్న ఆ యంత్రం మీద మావాళ్ళు టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవారు. అందుకే మా ఎండీ గారు బయలుదేరే ముందు ఒకే ఒక్క షరతు పెట్టారు. మన డై బిగించి, మన మూత దాని నుంచి ఊడిపడటం కళ్ళారా చూశాకే సంతకం పెట్టాలి. చూడకుండా కొనకూడదు. కొనకుండా వస్తే మూతల ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది, మూడో షెడ్డు మూతపడుతుంది. ఆ మాట షెడ్డులోని వాళ్ళకు చెప్పవలసింది కూడా నేనేనని స్పష్టంగా చెప్పారు.

నాతోపాటు మెయింటెనెన్స్ ఇన్‌చార్జి యాదగిరి వచ్చాడు. చిల్కానగర్‌లో ఉండేవాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. శాంపిల్ డై ఆయన పెట్టెలోనే ఉంది. అది పోగా రెండు జతల బట్టలకు, ఒక పచ్చడి సీసాకు మాత్రమే చోటు మిగిలింది. బేగంపేట విమానాశ్రయంలో ఆ పెట్టె ఎత్తిన ప్రతి మనిషీ ఆగి ఆయన ముఖం ఒకసారి చూశాడు.

శనివారం మధ్యాహ్నం జార్జ్‌టౌన్‌లో డీలరు టాన్ గారి కొట్టుకు వెళ్ళాం. ముందు గదిలో ఆఫీసు, వెనక పొడుగాటి గోదాము, మేడ మీద సంసారం. యాదగిరి యంత్రం చుట్టూ తిరిగి, కింద పడుకుని చూసి, చెవిలో బాగుందన్నాడు. ఆ మాట విన్నాక నా ముఖం దిగులుగా పెట్టుకున్నాను. తుప్పు చూపించాను, గీతలు చూపించాను, లేని చప్పుడు గురించి కూడా మాట్లాడాను. చెప్పిన ధరలో సగం అడిగాను. నడిపి చూపించమన్నాను. టాన్ గారు మర్యాదగానే బదులిచ్చారు. వాడిన సరుకు ‘యాజ్ ఈజ్, వేర్ ఈజ్’ పద్ధతిలో అమ్ముతారట. అంటే ఉన్నది ఉన్నట్టు, ఉన్న చోట. కరెంటు కలపడం, నూనె పోయడం, డై బిగించడం కుదరదు. వియత్నాం నుంచి ఇంకొకరు కూడా అడుగుతున్నారు.

అప్పుడు నా బ్రహ్మాస్త్రం తీశాను. లేచి నిలబడి, నమస్కారం పెట్టి, వెళ్ళిపోయాను. బేగంబజారులో ఈ అస్త్రం ఏనాడూ గురి తప్పలేదు. కొట్టు మెట్లు దిగేలోపు ‘ఆయియే సాబ్’ అని పిలుపు వచ్చేది. ఇక్కడ మెట్లు దిగాను, వీధి చివరి దాకా నడిచాను, వంగి షూ లేసు కట్టుకున్నాను. అది ముందే కట్టి ఉంది.

“ఇంకో పారి ఇప్పి కట్టన్నా,” అన్నాడు యాదగిరి, వెనక్కి చూస్తూ. “ఆయన షట్టర్ దించి తాళమేస్తుండు.”

శనివారం వాళ్ళకు ఒంటిపూటే. ఆదివారం సెలవు. మా తిరుగు విమానం మంగళవారం. ఆ రాత్రి అన్నంలో పచ్చడి కలుపుకుంటూ యాదగిరి, వచ్చింది బేరానికా లేసులు కట్టనీకా అని ఒకటే నవ్వు.

ఆదివారం పొద్దున హోటల్ కౌంటర్ మీద ఊరి మ్యాపు ఉచితంగా పెట్టి ఉంది. చూడవలసిన చోట్లకు అంకెలు వేసి, ఒకదాని నుంచి ఇంకొకదానికి బాణాలు గీశారు. గైడుకు డబ్బులడుగుతారు, మ్యాపు అడగదు. కాబట్టి కాలినడకనే ఊరు చూద్దామన్నాను.

నడక క్వీన్ వీధిలోని మారియమ్మ గుడి దగ్గర మొదలైంది. రంగురంగుల గోపురం, కింద తమిళుల పూల కొట్లు. మలుపు తిరిగితే పెద్ద వీధి. ఆ ఒక్క వీధిలోనే చీనావాళ్ళ కరుణాదేవి గుడి, దక్షిణాది ముస్లిములు కట్టుకున్న మసీదు, ఆ కొసన తెల్లటి చర్చి. అగరు పొగ, చర్చి గంట, మల్లెపూల వాసన ఒక్కసారే తగిలాయి. ఇళ్ళ ముందు ఐదడుగుల వెడల్పున కప్పు వేసిన నడవాలు, మన అరుగులను ఒకదానికొకటి అతికించినట్టు. ఎండ తగలకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోవచ్చు. అందరూ గోపురాలు, గుమ్మటాలు ఫోటో తీసుకుంటున్నారు. నా కళ్ళు మాత్రం గల్లాపెట్టెల మీదే. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది!

గుడి ముందు పూలమ్మే ఆవిడ మాల చుట్టి ఇచ్చి, నేనిచ్చిన నోటును కళ్ళకద్దుకుంది. మా నాన్న అచ్చం అలాగే అద్దుకునేవాడు. చీనా గుడి దగ్గర అప్పుడే బల్ల పరుస్తున్న ఒక ముసలాయన దగ్గర గంధపు అగరుబత్తుల కట్ట బేరం చేశాను. అలవాటు కొద్దీ సగానికి అడిగాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు, గొణిగాడు, కానీ ఇచ్చేశాడు. నోటును మిగతా కట్టల మీద ఒకసారి ఆడించి డ్రాయరులో వేసుకున్నాడు. శనివారం పోయిన పరువులో కాస్త తిరిగొచ్చినట్టనిపించింది.

సముద్రం మీద కర్రలు పాతి కట్టుకున్న ఇళ్ళ దాకా నడిచాం. మధ్యాహ్నానికి యాదగిరి చేతులెత్తేశాడు.

“ఎంత నడిపిస్తవన్నా! ఉప్పల్ కాడికెల్లి గుట్ట మీది గుడికి నడిసి పోయినా గింత అలుపు రాలే.”

తిరుగు దారిలో, నేను కొన్నటువంటి కట్టే తన భార్యకని ఆయనా అడిగాడు. అదే ముసలాయన, అదే కట్ట. పైసా తగ్గనన్నాడు. యాదగిరి వెళ్ళిపోతున్నట్టు నటిస్తే, ముసలాయన పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

“నీకిచ్చిండు గదా పొద్దుగాల? నా మొఖం మీదేమన్న రాసి ఉన్నదా?” అని యాదగిరి నా మీదికొచ్చాడు.

ముఖం మీద ఏమీ లేదు. మరి తేడా ఎక్కడ? మసీదు పక్కన ఎత్తు నుంచి చాయ్ తిరగబోసి ఇచ్చే తమిళ ముస్లిం పెద్దాయన ఉంటే, బల్ల మీద కూలబడి ఆయనకు మా గోడు వెళ్ళబోసుకున్నాం. సగం ఇంగ్లీషు, సగం చేతి సైగలు. ఆయన పగలబడి నవ్వి ఒకే మాటన్నాడు: “పోణి!” పొద్దున నేను మొదటి గిరాకీని, మధ్యాహ్నం యాదగిరి ఎన్నోవాడో. తమిళుల కొట్టయినా, చీనావాళ్ళదైనా, తనదైనా, ఈ ఊళ్ళో మొదటి గిరాకీని వట్టి చేతులతో పంపరట. వారం మొదటి రోజైతే అసలే పంపరట.

నేను నెత్తి కొట్టుకున్నాను. పుట్టింది బోణీ నీడలో, పెరిగింది బోణీ మీద. బోణీ అనేది ఉప్పల్‌లో మొదలై మహా అయితే సికింద్రాబాద్ స్టేషన్ దాకా పోతుందని నా లెక్క. అందుకే వారం రోజుల వ్యాపారం ముగించి షట్టర్ దించబోతున్న మనిషి దగ్గరికి, శనివారం మధ్యాహ్నం, సగం ధరతో వెళ్ళాను. మా నాన్న దుకాణానికి అలాంటివాడు వస్తే ఆయన ఈగలు తోలుకునేవాడు.

బోణీ గురించి మా నాన్న చెప్పే మాటలో రెండో సగం కూడా అప్పుడే గుర్తొచ్చింది. “బోణీకచ్చినోన్ని ఎనుకకు పంపొద్దు బిడ్డా. గని వాడు గూడ బోణీకాడ లొల్లి జేయొద్దు. ఒక్కటే మాట, ఒక్కటే పని.” అంటే ఈ ఆచారం కొట్టువాణ్ణే కాదు, గిరాకీనీ కట్టేస్తుంది. ధర మీద నలిపేవాడు మొదటి గిరాకీ అయినా శనే.

సోమవారం షట్టర్ లేవకముందే టాన్ గారి నడవాలో డై పెట్టెతో సహా నిలబడ్డాం. ఆయన మేడ దిగి వచ్చి, మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, తలుపు తీశారు. లోపల అడుగుపెట్టగానే ఒక ప్రమాదం తప్పింది. గుమ్మం పక్కన బుట్టలో పాత ప్రెషర్ గేజీలున్నాయి. యాదగిరి ఒకటి చేతిలోకి తీసుకుని జేబులో చెయ్యి పెట్టాడు. నేను కాలు తొక్కాను.

“అమ్మా! ఏందన్నా గిది?”

“అది కింద వెట్టు. గేజీతోని బోణీ అయితే మనం రెండో గిరాకీ అయితం.”

పాము మీద చెయ్యి పడ్డట్టు దాన్ని బుట్టలో పడేశాడు.

టాన్ గారికి చెప్పాను: శనివారం మీరు చెప్పిన ధరకే తీసుకుంటాను, ఒక్క పైసా కూడా తగ్గించమనను. అడ్వాన్సు ఇప్పుడే ఇస్తాను. దానా, నూనె, కరెంటు ఖర్చంతా మాది. మా డైతో ఒక్కసారి నడపండి. మూత సరిగ్గా వస్తే యంత్రం మాది, రాకపోతే అడ్వాన్సు వెనక్కి. నోట్ల కవరు బల్ల మీద పెట్టాను, కానీ చెయ్యి తియ్యలేదు. అడిగిన ధర ఇస్తానని నా నోటితో నేను అనడం మొదటిసారి విన్నాడేమో, యాదగిరి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూడబోయాడు.

టాన్ గారు మెకానిక్ మధ్యాహ్నం వస్తాడన్నారు. మెకానిక్‌ను నేనే తెచ్చుకున్నానని యాదగిరిని చూపించాను. అప్పుడే ఫోను మోగింది. మాటల్లో వియత్నాం అన్న పేరు వినపడింది. కానీ ఫోనులో బోణీ కాదు, చేతిలో పడితేనే బోణీ. ఆయన మాట్లాడుతున్నంతసేపూ చూపు కవరు మీదే ఉంది. ఫోను పెట్టేసి, వీధిలోకి చూసి, నన్ను చూశారు. తర్వాత గట్టిగా నవ్వేశారు. ఈ మొదటి గిరాకీ సంగతి నీకు ఎవరు చెప్పారని అడిగారు. మా నాన్న అన్నాను. ఆయనా కొట్టువాడేనా అన్నారు. అవునన్నాను. అయితే శనివారం అలా ఎందుకు చేశావన్నారు. నేను కవరు మీది చెయ్యి తీశాను. టాన్ గారు కవరు అందుకుని కళ్ళకద్దుకోలేదు గానీ, గోడ మీది ఎర్రటి దేవుడి పటం ముందు ఒక క్షణం పెట్టారు.

ఆ తర్వాత పనంతా యాదగిరిది. డై బిగించాడు, నూనె పోయించాడు. ఒక హీటర్ బ్యాండు వేడెక్కలేదు. దానాను కరిగించే గొట్టం చుట్టూ ఉండే పట్టీ అది. టాన్ గారు పైసా అడగకుండా కొత్తది వేయించారు, ఇంకొకటి విడిగా కూడా ఇచ్చారు. సగం ధర అడిగినప్పుడు మూసుకున్న చెయ్యి పూర్తి ధరకు తనంతట తానే తెరుచుకుంది. మొదటి మూతలు వంకరగా వచ్చాయి. యాదగిరి ఒత్తిడి సరిచేశాడు. తర్వాతి మూత తళతళలాడుతూ ట్రేలో పడింది. ఆయన దాన్ని తన పచ్చడి సీసాకు పెట్టి చూశాడు. పట్టలేదు, టానిక్ మూత కదా. అయినా పైకెత్తి పట్టుకుని కొట్టంతా వినపడేటట్టు, “అన్నా, మూడో షెడ్డు బతికింది!” అని అరిచాడు. టాన్ గారి కుటుంబమంతా మేడ మెట్ల మీదికొచ్చింది.

యంత్రం మద్రాసు రేవు మీదుగా నాచారం చేరింది. ఆర్డరు నిలబడింది. నేను రిటైరయ్యే రోజుకూ అది మూడో షెడ్డులో మూతలు పోస్తూనే ఉంది. మా ఎండీ గారు అడిగిన ధరకే ఎందుకు కొన్నావని నిలదీస్తే, బేరం ధర దగ్గర చేయలేదు, తలుపు దగ్గర చేశానన్నాను. ఫైలు మీద ఆమోదించి సంతకం పెట్టారు.

ఆ తర్వాత టార్పాలిన్ కింది చచ్చిన యంత్రాన్ని తుక్కుకు అమ్మేశాం. బోడుప్పల్ నుంచి తుక్కు వ్యాపారి ఫ్యాక్టరీ గేటు తీసే వేళకే వచ్చి నిలబడ్డాడు. “నాదే బోణీ సార్, ఎనుకకు పంపకుండ్రి,” అన్నాడు. మధ్యాహ్నం రమ్మన్నాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. అమ్మేవాడు ఎంతకు అమ్ముతాడన్నది రెండో ప్రశ్న. ఏ వేళకు, ఎవరిని కాదనలేడన్నది మొదటిది. దానికి జవాబు కొటేషన్లలో ఉండదు. ఆ ఊరి వీధుల్లో నడిచి, కొట్లు తెరిచేటప్పుడు చూడాలి.