అసలు హెల్మెట్‌ని దొంగదన్నాను

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి పడకండి. నాకది అక్కర్లేదు.

నేను పరాయి దేశంలో, చెర్రీవుడ్ అనే చోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పాత జర్మన్ సైనికుల హెల్మెట్లు సేకరిస్తాను. నడినెత్తిన ఇత్తడి ములుకు ఉండే తోలు హెల్మెట్లు. ఇదే పిచ్చి ఉన్న తెలుగాయన ఇంకొకరు ఉండేవారు, ఇక్కడికి దగ్గర్లోనే టాలట్‌లో డాక్టరు. ఆయనంటే నాకు ఒళ్లుమంట. ఎందుకు? అత్లోన్ అనే ఊళ్లో ఇవి సేకరించేవాళ్లందరం కలిసినప్పుడు, పదిమంది ముందు నా హెల్మెట్ తిరగేసి, ముందువైపు బిగించే డేగ బొమ్మ బిళ్ల వెనక అదనంగా ఉన్న రెండు రంధ్రాలు చూపించాడు. బిళ్ల వేరేదాన్నించి తీసి బిగించారని నవ్వుతూ చెప్పాడు. నిజమే చెప్పాడు. ఆ నవ్వునే నేను క్షమించలేదు.

ఏడాది తర్వాత ఆయనే ఒక హెల్మెట్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లోపలి ముద్రలు చదవడంలో నాకు కాస్త పేరుంది. కిటికీ దగ్గర పెట్టి చూశాను. రంధ్రాలు సరిపోయాయి. రెజిమెంట్ ముద్ర సరిగ్గా ఉంది. లోపలి తోలు రేకులు ఎత్తితే, సిరాతో రాసుకున్న ఒక సైనికుడి పేరు.

"ఏమంటారు?" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి బెరుకు. ఎంత హాయిగా అనిపించిందో.

"కొత్తగా చేసిందండీ. ముద్ర కూడా దొంగదే. నాటకాలకి పనికొస్తుంది."

"మీరే అన్నాక ఇంకేముంది లెండి."

నిజంగానే వాళ్ల వీధిలో నాటకాలు వేసేవాళ్లకి ఇచ్చేశాడు. వాళ్లు వెండి రంగు పూసి, లోపలి తోలంతా కోసి పారేసి, స్పాంజి అంటించారు. ఆ ఫొటో ఆయనే పంపాడు, నాకు థాంక్స్ చెబుతూ. తన కన్ను మీద నమ్మకం పోయిందని సేకరించడమే మానేశాడు.

పగ తీరిందా? లేదు. ఆయన మీద కోపం అలాగే ఉంది, కానీ ఆ సిరా పేరుగలవాడు నాకేం చేశాడని, అంతకాలం ఆ తోలు కింద భద్రంగా ఉన్నవాణ్ని ఒక్క మాటతో చెత్తబుట్టపాలు చేశాను? డాక్టరు ఆ రేకులు ఎత్తి చూడలేదు. ఆ పేరు చదివింది నేనొక్కణ్ణే. ఇప్పుడు మొదటి అక్షరం కూడా గుర్తులేదు.

ఆయనకి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీకు చెప్పాను. అది అసలుదే. చూస్తున్నప్పుడే నాకు తెలుసు.